సామాన్లతో కిక్కిరిసిన గ్యారేజీని వర్క్‌షాప్‌గా మార్చుకోవడం ఎలా?

గ్యారేజీ కట్టింది బండి కోసమే అయినా, కొన్నేళ్లు గడిచేసరికి అందులో బండికి తప్ప అన్నిటికీ చోటుంటుంది. కాలు విరిగిన కుర్చీ, ఎప్పుడో కొన్న టీవీ అట్టపెట్టె, అడుగున గడ్డకట్టిన పెయింటు డబ్బాలు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన పైపు ముక్కలు. వీటి మధ్యే ఎక్కడో డ్రిల్, సుత్తి, పానాల సెట్టు కూడా ఉంటాయి. కావాల్సినప్పుడు మాత్రం కనబడవు.

ఇలాంటి చోటును చెక్కపనికో రిపేర్లకో వాడుకుందామనుకోగానే చాలామంది ముందు ర్యాకులు, ప్లాస్టిక్ డబ్బాలు కొంటారు. అవి చివర్లో కొనాల్సినవి. ముందే కొంటే పారేయాల్సిన సామాను కూడా వాటిలోకెక్కి కూర్చుంటుంది. ఒక కారు పట్టే గ్యారేజీ సుమారు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉంటుంది. అంత చిన్న చోట మీకు అన్నిటికంటే అవసరమైనది ఖాళీ నేల. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు తిప్పాలన్నా, తలుపు చెక్కకు చిత్రిక పట్టాలన్నా, సైకిల్ విప్పి భాగాలు పరచుకోవాలన్నా నేలే కావాలి. కింద చెప్పేవన్నీ ఆ నేలను ఖాళీ చేసి, ఖాళీగానే ఉంచుకోవడానికి.

ముందు పని ఏదో తేల్చుకోండి

అన్ని పనులూ ఇక్కడే చేద్దామనుకుంటే ఈ జాగా దేనికీ చాలదు. గత ఏడాదిలో ఇంట్లో ఏమేం బాగుచేశారో, ఏమేం తయారుచేశారో గుర్తుచేసుకుని రాయండి. ఎప్పటికైనా చేద్దామని అనుకుంటున్నవి అందులో చేర్చకండి. టేబుళ్లు, అల్మరాలు చేసేవారికి పొడవైన బల్ల, దాని చుట్టూ తిరిగే జాగా కావాలి. మోటార్‌సైకిల్ విప్పేవారికి నేల మధ్యలో ఖాళీ, చేతికందే పానాలు కావాలి. సోల్డరింగ్ పనికైతే చిన్న బల్ల, మంచి లైటు ఉంటే చాలు.

చెక్కపని, ఇనుపపని రెండూ చేసేవారికి ఒక హెచ్చరిక. గ్రైండర్ నుంచి ఎగిరే నిప్పురవ్వలు రంపపు పొట్టులో పడితే వెంటనే మంట కనిపించకపోవచ్చు. లోలోపల రాజుకుంటూ ఉండి, మీరు షట్టర్ దించి వెళ్లాక అంటుకోవచ్చు. గ్రైండింగ్, వెల్డింగ్ షట్టర్ బయట పెట్టుకోవడం అన్నివిధాలా మంచిది.

రాత్రిపూట బండి లోపలే పెట్టక తప్పదా? అయితే దాన్ని లోపల నిలిపి, తలుపులు పూర్తిగా తెరిచి, అవి ఎంతవరకు వస్తున్నాయో నేలమీద సుద్దతో గీయండి. గీతకు బయట మిగిలిందే మీ వర్క్‌షాప్. అప్పుడిక గోడకు మడిచే బల్ల, చక్రాల మీది మిషన్లు తప్ప వేరే దారి లేదు. బండిని బయట పెట్టే వీలుంటే బయటే పెట్టమంటాను. మడిచే బల్ల చూడడానికి బాగుంటుంది గానీ, ప్రతిసారీ విప్పి, మడిచి, సర్ది పని చేసే ఓపిక కొద్దిమందికే ఉంటుంది.

అంతా బయటికి తీయండి

వాన సూచన లేని రోజు చూసుకుని, ముందున్న ఖాళీ స్థలంలో టార్పాలిన్ పరిచి గ్యారేజీలో ఉన్నదంతా బయటికి తెచ్చేయండి. సగం లోపలుంచి సగం సర్దితే సామాన్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు మారతాయంతే. నేల మొత్తం ఒక్కసారి కళ్లారా చూస్తే తప్ప ఎంత జాగా ఉందో అర్థం కాదు.

తెచ్చినవాటిని రకాలవారీగా కుప్పలు వేయండి. స్క్రూడ్రైవర్లన్నీ ఒకచోట, ప్లాస్టరింగ్ తాపీలు, బ్రష్షులు ఒకచోట, వైర్లు, ప్లగ్గులు ఒకచోట. ఇలా పోస్తేనే ఒకే సైజు స్క్రూడ్రైవర్లు నాలుగున్నాయని, టేపులు అరడజనున్నాయని తెలుస్తుంది. మంచిది ఉంచుకుని మిగతావి ఇచ్చేయండి. చెడిపోయిన మిషన్ల విషయంలో ఒక్కటే ప్రశ్న: వచ్చే నెలలోగా దీన్ని బాగుచేస్తానా? జవాబు తడబడితే పాత ఇనుము కింద పంపేయండి.

చెక్క ముక్కల దగ్గరే అందరికీ చేయి ఆడదు. దానికి కొలత పెట్టుకోవడం సులువు. అడుగు కంటే పొట్టి ముక్కలకు ఒక్క బకెట్టు కేటాయించండి, అది నిండితే కొత్త ముక్క వేయాలంటే పాతది తీయాల్సిందే. అడుగు దాటినవి నిలువుగా ఒక పెట్టెలో పెట్టండి. ప్రతి ముక్కనూ వెలుతురులో తిప్పి చూడండి. చెదలు పట్టినదాన్ని, సన్నని బెజ్జాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతున్నదాన్ని ఎంత మంచి కర్రయినా మళ్లీ లోపల పెట్టకండి. అట్టపెట్టెలు కూడా అంతే. నేలకు ఆనుకుని ఉన్న అట్ట చెదలకు, ఎలుకలకు, తేమకు మూడింటికీ ఇష్టమే.

పాత పెయింటు, థిన్నర్, ఇంజిన్ ఆయిల్, పేరు చెరిగిపోయిన సీసాలు విడిగా పెట్టండి. వీటిని కాలువలోనో మట్టిలోనో పారబోయకూడదు, ఒకదానిలో ఒకటి కలపకూడదు. మీ ఊరి మున్సిపాలిటీ ప్రమాదకర వ్యర్థాలను ఎక్కడ తీసుకుంటుందో కనుక్కుని అక్కడ ఇవ్వండి. బండి ఆయిల్‌ను కొన్నిచోట్ల మెకానిక్ షెడ్లు తీసుకుంటాయి.

ఇంట్లో మిగతావాళ్ల సామాన్లను వాళ్లను అడక్కుండా పారేయకండి. వర్క్‌షాప్ మాట అటుంచితే, ఆ గొడవ చాలాకాలం నడుస్తుంది. వాళ్లవి ఒక ర్యాకుకు పరిమితం చేసి, షట్టర్‌కు దగ్గరగా పెడితే తీసుకోవడానికి మీ పని మధ్యలోంచి రావాల్సిన అవసరం ఉండదు.

ఖాళీగా ఉన్నప్పుడే చూసుకోవాల్సినవి

గది ఖాళీ అయిన రోజే అన్నీ మళ్లీ పెట్టేయాలనిపిస్తుంది. కొంచెం ఆగండి. రెండడుగుల పాలిథీన్ ముక్కను నేలమీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవర్ కింద తడి కనబడితే తేమ నేలలోంచి పైకి వస్తోందని అర్థం. అలాంటి చోట ఇనుప పనిముట్లు తుప్పు పడతాయి, ప్లైవుడ్ పొరలు ఊడతాయి. కాబట్టి ఏదీ నేలకు ఆనకుండా కనీసం నాలుగంగుళాలు ఎత్తులో ఉంచండి. కవర్ పైన తడి ఉంటే అది గాలిలోని తేమ చల్లబడి పట్టినది, గాలి ఆడేలా చేస్తే తగ్గుతుంది.

గ్యారేజీ నేల చాలాచోట్ల షట్టర్ వైపు వాలుగా ఉంటుంది, నీళ్లు బయటికి పోవడానికి. వందకు ఒకటి వాలున్నా, ఆరడుగుల బల్ల రెండు కొసల మధ్య దాదాపు 18 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. రసమట్టం పెట్టి ఈ వాలు ఎటుందో ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, బల్ల కాళ్లు కోసేటప్పుడు పనికొస్తుంది.

పగుళ్లు పూడ్చండి. షట్టర్ కింద సందుకు రబ్బరు పట్టీ బిగించండి. గోడలకు, శ్లాబుకు తెల్ల పెయింటు వేయండి. ఖర్చు తక్కువ, వెలుతురు మాత్రం బాగా తేడా తెలుస్తుంది. ఒకసారి గోడలకు సామాను ఎక్కాక ఈ పని ఎవరూ చేయరు.

కరెంటు, లైట్లు

చిన్న గ్యారేజీల్లో మామూలుగా ఒక బల్బు, ఒక స్విచ్ బోర్డు ఉంటాయి. దాని మీదే ఎక్స్‌టెన్షన్ వైర్లు లాగి వర్క్‌షాప్ నడపకండి. లెక్క చూడండి: 230 వోల్టుల లైన్ మీద 6 ఆంప్ సాకెట్ 1380 వాట్ల వరకే లాగగలదు, 16 ఆంప్ సాకెట్ 3680 వాట్లు. సర్క్యులర్ రంపం ఒక్కటే 1200 వాట్లు దాటొచ్చు, దాంతోపాటు వాక్యూమ్ క్లీనర్ నడిపితే చిన్న సాకెట్ వేడెక్కిపోతుంది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ వేయించండి. అతన్ని మూడు విషయాలు అడగండి.

సరైన ఎర్తింగ్, దాంతోపాటు కరెంటు లీకైతే లైన్ ఆపేసే 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ ఉండాలి. లోడు మించితే లైన్ ఆపేసే ఎంసీబీ వైరును కాపాడుతుంది, షాక్ నుంచి మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయకూడదు. లైట్ల సర్క్యూట్ వేరు, సాకెట్ల సర్క్యూట్ వేరు ఉండాలి. రంపం ట్రిప్ అయినప్పుడు లైటు కూడా ఆరిపోతే, ఇంకా తిరుగుతున్న బ్లేడు పక్కన చీకట్లో నిలబడాల్సి వస్తుంది. ఇక సాకెట్లు బల్ల కంటే ఎత్తులో, నేల నుంచి నాలుగడుగుల దగ్గర పెట్టించండి. సాకెట్లు బల్ల వెనక దాగిపోతే ప్లగ్ పెట్టడానికి ప్రతిసారీ వంగాలి.

ఎక్స్‌టెన్షన్ వాడక తప్పనప్పుడు చుట్టను పూర్తిగా విప్పి వాడండి. చుట్టలో ఉన్న వైరు మీద ఎక్కువ లోడు పడితే వేడి బయటికి పోక ఇన్సులేషన్ కరుగుతుంది.

లైట్ల విషయంలో పిసినారితనం వద్దు. కోతలు, కొలతలు ఉండే పనికి 500 లక్స్ వెలుతురు మంచి లెక్క, అంటే చదరపు మీటరుకు 500 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురుకు కొలత). 200 చదరపు అడుగులకు అది సుమారు 9300 ల్యూమెన్లు. నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబు ఒకటి సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది, గోడలూ దుమ్మూ కొంత మింగేస్తాయి, కాబట్టి ఐదారు ట్యూబులు. వాటిలో ఒకటి బల్ల ముందు అంచుకు సరిగ్గా పైన రావాలి. గది మధ్యలో ఒక్క లైటే ఉంటే అది మీ వెనక పడుతుంది, గీసిన గీత మీద మీ తల నీడే కనిపిస్తుంది.

బల్ల

ర్యాకుల కంటే, మిషన్ల కంటే ముందు కావాల్సింది ఇదే. ఒక్క బల్ల కుదిరితే మిగతావన్నీ దాని మీదే చేసుకోవచ్చు.

ఎత్తు: పనిచేసేటప్పుడు వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు దగ్గరి మడత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అదే మామూలు పనులకు బల్ల ఎత్తు. చాలామందికి 32 నుంచి 36 అంగుళాల మధ్య వస్తుంది. ఎక్కువగా చిత్రిక పట్టేవారు రెండంగుళాలు తగ్గించండి, ఒంటి బరువు పని మీదకు వస్తుంది. సన్నని పనులకు ఎత్తు పెంచాలి గానీ బల్ల మార్చక్కర్లేదు, పైన చిన్న పీట లాంటిది పెట్టుకోవచ్చు. రెండడుగుల కంటే లోతు వద్దు. అంతకంటే వెనకున్న గోడ చేతికందదు, వెనక మిగిలిన జాగా సామాన్ల కుప్ప అవుతుంది.

పైచెక్కకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి చాలు. ఎనిమిది బై నాలుగు షీటును పొడవునా రెండుగా కోయిస్తే రెండడుగుల వెడల్పున రెండు పలకలు వస్తాయి. వాటిని ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి, కింది నుంచి స్క్రూలు బిగిస్తే 36 మిల్లీమీటర్ల దిట్టమైన పలక. పదడుగుల గోడకు ఎనిమిదడుగుల బల్ల సరిపోతుంది, పక్కన చీపురు, నిచ్చెన పెట్టడానికి జాగా కూడా మిగులుతుంది. కాళ్లకు, చట్రానికి రెండు బై నాలుగు అంగుళాల కర్ర వాడండి. చట్రం బిగించాక ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ ఐమూలగా తీయండి. రెండూ సమానంగా వస్తేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. వాలు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే: ముందు అన్ని కాళ్లూ ఒకే పొడవు కోసి నిలబెట్టి, రసమట్టం చూసి నేల పల్లంగా ఉన్నవైపు కాళ్లకు లెవెలింగ్ బోల్టులు బిగించండి.

ముందువైపు పలకను చట్రం కంటే రెండు మూడంగుళాలు ముందుకు రానివ్వండి. క్లాంపులు పట్టడానికి ఆ అంచు కావాలి. ఇది మరిచిపోయి, కింద డ్రాయర్లు కూడా బిగించేసిన బల్లలు చాలా కనిపిస్తాయి, వాటి మీద ఏదీ గట్టిగా పట్టుకోదు. పైన సన్నటి హార్డ్‌బోర్డు ముక్కను జిగురు లేకుండా స్క్రూలతో మాత్రం వేయండి. అది పాడైతే ఊడదీసి తిరగేస్తే మళ్లీ కొత్త బల్ల. బల్ల ఊగుతుంటే గోడకు బిగించండి, కింది అరలో బరువులు పెట్టండి.

వస్తువును దవడల మధ్య బిగించి పట్టే వైస్ బల్ల మధ్యలో వద్దు. కాలుకు సరిగ్గా పైన, మూల దగ్గర, స్క్రూలతో కాకుండా నట్టుబోల్టులు, వాషర్లతో బిగించండి. కదలని దవడ బల్ల అంచు కంటే కాస్త ముందుకు రావాలి. అప్పుడే పొడవాటి పైపునో పట్టీనో నిలువుగా బిగించినప్పుడు బల్ల అంచు అడ్డుపడకుండా కిందిదాకా దిగుతుంది.

గోడలు

బల్ల కుదిరాక వెంటనే గోడలకు మేకులు కొట్టకండి. కొన్ని వారాలు బల్ల మీదే పని చేయండి. ఏ పనిముట్టు కోసం ఎటు తిరుగుతున్నారో, ఏది చేయిచాపితే అందాలనిపిస్తోందో అప్పుడు తెలుస్తుంది.

గోడకు పెట్టే పద్ధతుల్లో పెగ్‌బోర్డు తేలిక. అంగుళానికొక బెజ్జం ఉంటుంది, కొక్కేలు ఎక్కడైనా పెట్టొచ్చు. కొక్కెం వెనక్కి తిరగడానికి బోర్డుకూ గోడకూ మధ్య కనీసం అరంగుళం సందు వదలాలి, అందుకే వెనక పట్టీలు కొట్టి బిగిస్తారు. బరువుకు మాత్రం అది ఆగదు. డ్రిల్లులు, క్లాంపులు, చిత్రికలు తగిలించాలంటే ఫ్రెంచ్ క్లీట్ మేలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను నాలుగంగుళాల పట్టీలుగా, ఒక అంచును 45 డిగ్రీల వాలుతో కోస్తారు. ఆ వాలు గోడవైపు దిగేలా పట్టీని గోడకు బిగిస్తే పట్టీకీ గోడకూ మధ్య గాడి ఏర్పడుతుంది. పనిముట్టు పెట్టె వెనక ఎదురు వాలు పట్టీ ఒకటి కొడితే అది ఆ గాడిలో కూర్చుంటుంది. బరువు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా కూర్చుంటుంది. పైకెత్తితే వచ్చేస్తుంది. గోడంతా అడ్డంగా ఇలాంటి పట్టీలుంటే ఏ పెట్టెనైనా ఎటైనా జరుపుకోవచ్చు. నన్నడిగితే చిన్న గ్యారేజీకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

గోడకు బెజ్జం పెట్టే ముందు స్విచ్ బోర్డు నుంచి నిలువుగా, అడ్డంగా ఉన్న గీతలను వదిలేయండి, దాచిన వైర్లు ఎక్కువగా ఆ దారిలోనే పోతాయి. ఇటుకల మధ్య సందులో కాకుండా ఇటుక మీదే బెజ్జం పెట్టండి. స్క్రూ పట్టడానికి గోడలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్ సైజుకు సరిపోయే బిట్టు వాడి, ప్లగ్ కంటే కొంచెం లోతుగా తొలిచి, పొడి ఊదేసి బిగించండి. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. ఆ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నడుము నుంచి కళ్ల ఎత్తు వరకు ఉన్న గోడ రోజూ వాడేవాటిది. తలకు పైన తేలికైనవి, నడుముకు కింద బరువైనవి. పైపులు, పొడవు కర్రలు శ్లాబు దగ్గర బ్రాకెట్ల మీద పెట్టొచ్చు, షట్టర్ చుట్టుకునే జాగా మాత్రం వదలాలి. స్క్రూలు, వాషర్లు కనిపించే ప్లాస్టిక్ డబ్బాల్లో పోయండి. మూత తీసి చూడాల్సిన డబ్బాను ఎవరూ తీయరు, కొత్త ప్యాకెట్ కొనుక్కుంటారు.

మిషన్లు, చక్రాలు

నేలమీద నిలబడే ప్రతి మిషన్‌కూ బ్రేకులున్న చక్రాలు ఉండాలి. ఎగుడుదిగుడు నేలమీద ఒక్కోసారి మూడు చక్రాలే ఆనతాయి, కాబట్టి మొత్తం బరువును మూడుతో భాగించి, ఒక్కో చక్రం అంత మోయగలదో లేదో చూసుకుని కొనండి. వాలు నేల కాబట్టి నాలుగింటిలో కనీసం రెండు చక్రాలకు బ్రేకు తప్పదు.

టేబుల్ రంపానికి వెనకా ముందూ చెక్క పొడవంత జాగా కావాలి. దాన్ని షట్టర్‌కు ఎదురుగా పెడితే పొడవాటి చెక్క తలుపులోంచి బయటికి పోతుంది. రంపం ఎత్తు బల్ల ఎత్తుకు సమానంగా, ఒక వెంట్రుకవాసి ఎక్కువగా ఉంటే కోసిన చెక్క బల్ల మీదకే జారుతుంది. ఇంకా చెప్పాలంటే, ఇంత చిన్న చోట టేబుల్ రంపం అందరికీ అక్కర్లేదు. నేలమీద థర్మాకోల్ పలక పరిచి దాని మీద ప్లైవుడ్ పెట్టి, తిన్నని పట్టీ ఆసరాగా సర్క్యులర్ రంపంతో కోస్తే పెద్ద షీట్లు కూడా చక్కగా తెగుతాయి. పనయ్యాక థర్మాకోల్ గోడకు ఆనించేయొచ్చు.

దుమ్ము, మంట

చెక్క దుమ్మును క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. కనిపించే పొట్టు కంటే, కళ్లకు కనబడకుండా గాలిలో తేలే సన్నని పొడి ప్రమాదం. సాండింగ్ వీలైనంతవరకు బయట చేయండి. లోపలైతే మిషన్‌కు వాక్యూమ్ గొట్టం తగిలించి, ఎన్‌95 మాస్కు వేసుకుని, షట్టర్‌కు ఎదురు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకోండి. గ్రైండర్ దగ్గర చెవులకు కూడా రక్షణ కావాలి. డ్రిల్ ప్రెస్ లాంటి తిరిగే మిషన్ల దగ్గర చేతి గ్లోవ్స్ వద్దు, గుడ్డ చుట్టుకుంటే చేయి లాగేస్తుంది.

చెక్కకు పూసే లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయండి. పెట్రోలు, థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీదుగా పాకి దూరంగా ఉన్న నిప్పురవ్వను కూడా అందుకుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఆ పక్కన గ్రైండింగ్ చేయకూడదు. షట్టర్ దించి ఇంజిన్ నడపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్‌ను బల్ల మీద కాకుండా తలుపు పక్కన తగిలించండి. మంట బల్ల దగ్గరే మొదలైతే అక్కడున్న సిలిండర్ అందదు.

సగంలో ఆగిన పనికి చోటు

ఇంత చేశాక కూడా నేల మళ్లీ నిండిపోయేది ఒకందుకే: సగంలో ఆగిన పనులు. జిగురు ఆరాలి, ఒక స్పేర్ పార్టు రావాలి, పెయింటు రెండో కోటు వేయాలి. అప్పటిదాకా అది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, బల్ల మీద ఉంటే వేరే పని సాగదు, చివరికి నేలమీదకు దిగుతుంది. అందుకే ర్యాకులు కొనే రోజు వచ్చినప్పుడు, రెండడుగుల లోతున్న ఒక అరను దీనికోసమే ఖాళీగా ఉంచండి. పక్కన మూత ఉన్న రెండు ట్రేలు పెట్టుకుని, విప్పిన వస్తువు స్క్రూలు, భాగాలు ఆ ట్రేలోనే వేసి వస్తువుతోపాటు అరలో పెట్టండి. ట్రే మీద టేపు ముక్క అంటించి ఏ వస్తువో, దేనికోసం ఆగిందో, ఏ తేదీన ఆగిందో రాయండి. అర నిండితే కొత్త పని మొదలుపెట్టకుండా అందులో పాత తేదీ ఉన్నదాన్ని కిందికి దించండి.